ముందు నురగ పోయేదాకా కడగడం నేర్పు

అమ్మా స్రవంతీ,

నీ ఉత్తరం అందింది. అనంతపురం పల్లెల్లో కినోవా అనే కొత్త గింజధాన్యం తినమంటే ఎవరూ తినట్లేదని, మీటింగుకి వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోతున్నారని టెన్షన్ పడుతున్నావు. పోషకాల చార్టులు మళ్ళీ ప్రింట్ చేయించాలా అని అడిగావు. వద్దు. ఆ డబ్బుతో రెండు పెద్ద జల్లెడలు కొను.

నేను సర్వీసులో చేరిన కొత్తల్లో సోయా చిక్కుళ్ళ ప్రచారం చేశాను. మాంసకృత్తుల గురించి గంటసేపు ఊదరగొట్టి, చివర్లో గారెలు వేయించాం. గింజలు సరిగ్గా నానకుండానే రుబ్బించాం. ఒకటే పచ్చి వాసన. మొహమాటానికి తలా ఒకటి తిన్నారు. రెండోసారి వెళ్తే అరుగు మీద ఒక్కరు లేరు.

ఆ తర్వాత ట్రైనింగుకి తిరువనంతపురం వెళ్ళాను. ఒక ఇంట్లో భోజనానికి పిలిచి "ఇవాళ కప్ప, చేపల కూర" అన్నారు. నా గుండె జారిపోయింది. తీరా చూస్తే, వాళ్ళ భాషలో కప్ప అంటే కర్రపెండలం! నేను పెద్దాపురం వాణ్ణి కదా, మాకది సగ్గుబియ్యం మిల్లుకి తోలే సరుకు. మహా అయితే ఉడకేసుకుని సాయంత్రం తినే చిరుతిండి. వాళ్ళకి అదే భోజనం.

ఆ ఇంటావిడ వండుతుంటే చూశాను. తొక్క తీసి, ముక్కలు కోసి, మునిగేలా నీళ్ళు పోసి, మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీళ్ళన్నీ వంపేసింది. దుంపలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, చేదు రకాల్లో మరీనూ. ఇళ్ళలో తినే చేదు లేని రకాల్లో అది చాలావరకు ఆ నీళ్ళతో పోతుంది. తర్వాత కొబ్బరి, పచ్చిమిర్చి, పసుపు నూరి వేసి గరిటె వెనకతో మెదిపింది. పక్కన కుడంపులి, అంటే వాళ్ళు పులుపుకి వాడే ఎండుకాయ, వేసిన ఎర్రటి చేపల కూర. మూడోసారి నేనే అడిగి వేయించుకున్నాను.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దుంప అది. 1880 నుంచి 1885 దాకా తిరువాన్కూరు, అంటే ఇప్పటి కేరళ దక్షిణ భాగం, ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు పట్టుబట్టి వేయించాడు. జనం విషమని భయపడితే తానే తిని చూపించాడని కథ చెప్తారు. రాజు తిన్నాడని జనం తింటారంటే నాకు నమ్మకం లేదు. దీనికి విత్తనం కొనే పని లేదు, అదీ సంగతి. పొరుగువాళ్ళు దుంప తవ్వుకున్నాక కర్ర మిగులుతుంది, జానెడు ముక్క తెచ్చి గుచ్చితే పది నెలల్లో దుంప. సారం లేని నేలలోనూ వస్తుంది. అలా పెరళ్ళలోకి చేరింది. 1942లో బర్మా జపాను చేతికి పోయి బియ్యం ఓడలు ఆగిపోయేసరికి, బయటి బియ్యం మీద బతికే ఆ రాజ్యానికి ఈ దుంపే దిక్కయింది. అప్పటికే కర్ర పెరట్లో ఉంది, నీళ్ళు వంపాలని ఆడవాళ్ళకి తెలుసు, పక్కన చేప ఉంది. మన వైపు 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది, కింద డెల్టా అంతా వరి. మనకి ఆ అవసరమే పడలేదు.

ఇక నీ కినోవా. గింజ మీద చేదు పొర ఉంటుంది, కడిగితే సబ్బులా నురగ వస్తుంది. ఆ నురగ పోయేదాకా కడగాలని చెప్పకుండానే గింజలు పంచారేమో కనుక్కో. ఒకసారి చేదు తగిలితే మళ్ళీ నోట పెట్టరు. సలాడ్ల జోలికి పోకు. అక్కడ సంగటి తింటారు. అందులో వేసే నూకల్లో సగం తీసి నీ గింజ వేసి, చెనిక్కాయల చట్నీతో పెట్టు. ముద్ద నిలుస్తుందో లేదో ముందు మీ గదిలో వండి చూసుకో. ఊళ్ళో మాత్రం నువ్వు వండకు, చేతివంటకి పేరున్న పెద్దావిడని బతిమాలు. బాగాలేదంటే వాదించకు, ఎందుకో రాసుకో.

పట్నంలో షుగరువాళ్ళు ఎగబడి కొంటారని రైతులకి ఆశ పెట్టకు. వచ్చే రబీకి ఐదిళ్ళవాళ్ళు నువ్వు అడక్కుండా పెరట్లో నాలుగు సాళ్ళు వేసుకుంటే ఈ ఏడాదికి చాలు. రాగులుండగా ఇదెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. నాకూ అదే అనుమానం, జవాబు వెతుక్కుని వెళ్ళు.

దసరాకి వచ్చేటప్పుడు ఒక కేజీ పట్రా. మీ నానమ్మ కడిగి చూస్తానంటోంది.

మీ తాతయ్య