క్రిస్మస్ టోపీ అల్లిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

డిసెంబరు దగ్గరపడుతోంది కదా, వచ్చే ఉత్తరాల్లో సగం ఎర్రటోపీ గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం. కింద రాసిన సూది నంబర్లు మన బజారులో నడిచే పాత బ్రిటిష్ లెక్కలోవి. అనుమానం వస్తే నంబరు వదిలేసి పక్కన రాసిన మిల్లీమీటర్లే చూసుకోండి.

ప్రశ్న: నాకు నిట్, పర్ల్ అల్లికలు రెండే వచ్చు. ఇంట్లో మామూలు జత సూదులున్నాయి. పెద్దవాళ్ళకు సరిపోయే శాంటా టోపీ వీటితో అల్లుకోవచ్చా? లూపుల లెక్కతో సహా చెప్పండి.
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అల్లుకోవచ్చు. రెండు లూపులు కలిపి ఒకటిగా నిట్ చేయడం కూడా నేర్చుకోండి, అంతకు మించి అక్కర్లేదు. గుండ్రంగా అల్లే పని లేకుండా బల్లపరుపుగా అల్లి, చివర్లో ఒక పక్క కుట్టేద్దాం.

కావలసినవి: డబుల్ నిటింగ్ మందం అక్రిలిక్ ఊలు ఎరుపు 50 గ్రాములు, తెలుపు 40 గ్రాములు (కుచ్చు బంతి కూడా ఇందులోనే). 10 నంబరు (3.25 మి.మీ.), 8 నంబరు (4 మి.మీ.) సూదులు ఒక్కో జత. ఊలు కుట్టే మొద్దు మొన సూది ఒకటి. నమూనా ముక్కకు ఇంకాస్త ఎర్ర ఊలు.

ముందు ఆ నమూనా ముక్క. 8 నంబరు సూదుల మీద 30 లూపులు వేసి, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చొప్పున 36 వరసలు అల్లండి. తడిపి, పరిచి ఆరబెట్టాక అంచులు వదిలి మధ్యలో కొలవండి. 10 సెం.మీ. వెడల్పులో 22 లూపులు, అంతే ఎత్తులో 28 వరసలు రావాలి. 24 లూపులు వస్తే చేయి బిగువు, 7 నంబరుకు (4.5 మి.మీ.) మారండి. 20 వస్తే చేయి వదులు, 9 నంబరు (3.75 మి.మీ.) తీసుకోండి. 'రెండు లూపులే కదా' అని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 110 లూపులు 22 లెక్కన 50 సెం.మీ. 20 లెక్కన అవే 55 అవుతాయి, టోపీ కళ్ళ మీదికి జారుతుంది. 24 లెక్కన 46కు కాస్త తక్కువ, నుదుటి మీద గీత పడేటంత బిగువు. 55, 56 సెం.మీ. తలకు 50 సెం.మీ. టోపీయే సరి. అల్లిక సాగుతుంది కాబట్టి చుట్టుకొలత తలకంటే పదోవంతు తక్కువ ఉండాలి.

ఇక టోపీ. తెల్ల ఊలుతో 112 లూపులు వేయండి (110 టోపీకి, 2 కుట్టుకు). తోక పోగు వదిలి లూపులు వేసే పద్ధతైతే లూపుకు ఒకటిన్నర సెం.మీ. చొప్పున 170 సెం.మీ. పోగు, ఆ పైన ఒక జానెడు వదలండి. తక్కువ వదిలితే 90వ లూపు దగ్గర పోగు అయిపోయి మళ్ళీ మొదటికొస్తారు. లూపులు 8 నంబరు సూది మీద వేసుకొని, అల్లేటప్పుడు 10 నంబరుకు మారండి. అంచు బిగుసుకుపోదు. అన్ని వరసలూ నిట్ చేస్తూ 24 వరసలు అల్లితే 5 సెం.మీ. తెల్ల పట్టీ వస్తుంది.

25వ వరస నుంచి ఎరుపు, 8 నంబరు సూదులు. మొదటి ఎర్ర వరస తప్పకుండా నిట్, అదీ పైకి కనిపించే వైపు. వెనకవైపు నుంచి రంగు మార్చారా, కలిసే చోట తెలుపూ ఎరుపూ చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చొప్పున 28 వరసలు, అంటే 10 సెం.మీ., తిన్నగా అల్లండి.

తగ్గింపు 29వ ఎర్ర వరసలో మొదలు. 1 నిట్, ఆపైన (9 నిట్, రెండు కలిపి ఒకటి) పదిసార్లు, చివర 1 నిట్. 102 లూపులు మిగులుతాయి. 5 వరసలు మామూలుగా అల్లి, ఆరో వరసలో మళ్ళీ తగ్గించండి. ఈసారి (8 నిట్, రెండు కలిపి ఒకటి), 92 లూపులు. ఇలాగే ప్రతి ఆరో వరసలో నిట్‌లు ఒక్కొక్కటి తగ్గిస్తూ పోతే పదో తగ్గింపుకు 12 లూపులు మిగులుతాయి. ప్రతి తగ్గింపు తర్వాత లూపులు లెక్కపెట్టండి. ఒకటి తేడా వచ్చిందంటే ఆ వరసలోనే ఎక్కడో కలపడం మరిచారని, అప్పటికప్పుడు విప్పితే ఆరు వరసల పని ఆదా అవుతుంది. టోపీ పైభాగం శంకువు మీద పది గీతలు ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తాయి. అది తప్పు కాదు, కలిపి అల్లితే అలాగే వస్తుంది.

ఎర్ర పోగును 60 సెం.మీ. వదిలి కత్తిరించి, ఆ 12 లూపుల్లోంచి దూర్చి బిగించండి. అదే పోగుతో పక్క కుట్టు కిందికి దించండి. తెలుపు దగ్గరకు వచ్చేసరికి తెల్ల పోగుకు మారండి. కుట్టు మంచి వైపు నుంచే వేయాలి. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి, ఇటొక అడ్డపోగు, అటొక అడ్డపోగు ఎత్తుతూ నాలుగైదు కుట్లకోసారి లాగితే కుట్టు లోపలికి వెళ్ళిపోతుంది. మొత్తం పొడవు 35 సెం.మీ. దాకా వస్తుంది. కొన ఇంకా వేలాడాలంటే ఆరుకు బదులు ఎనిమిది వరసలకోసారి తగ్గించండి, మరో 6 సెం.మీ. పెరుగుతుంది. ఊలు కూడా ఆ మేరకు ఎక్కువ కావాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అక్క అక్కడి నమూనా పంపింది. 8 నంబరు సూదులు, 88 లూపులు అని ఉంది. అక్షరం తప్పకుండా అల్లాను. మా బాబుకైనా పట్టడం లేదు. ఎందుకు?
– ఓ పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమెరికా 8 నంబరు సూది 5 మి.మీ. మన 8 నంబరు 4 మి.మీ. పైగా రెండు లెక్కలూ ఎదురెదురు. అక్కడ నంబరు పెరిగితే సూది లావు, మన దగ్గర నంబరు పెరిగితే సన్నం. మన బజారులో అమెరికా 8కి సమానం 6 నంబరు సూది. ఊలు కూడా వేరు. ఆ నమూనాలు ఎక్కువగా వర్స్టెడ్ (డబుల్ నిటింగ్ కంటే లావు ఊలు) మందానికి రాసినవి, 10 సెం.మీ.కు 18 లూపుల లెక్క. ఆ లెక్కన 88 లూపులు 49 సెం.మీ. మన డబుల్ నిటింగ్ ఊలుతో 4 మి.మీ. సూదుల మీద అవే 88 లూపులు 40 సెం.మీ. అవుతాయి. విప్పి, పైన చెప్పిన 112తో మొదలుపెట్టండి. అక్రిలిక్ ఊలు విప్పాక మెలికలు తిరిగి ఉంటుంది. చిలపగా చుట్టి, తడిపి, నీడన వేలాడదీస్తే సాపవుతుంది.

ప్రశ్న: ఏడాది పాపకు, ఐదేళ్ళ బాబుకు ఎన్ని లూపులు వేయాలి?
– ఓ అమ్మమ్మ, ఖమ్మం

జవాబు: పది భాగాల లెక్క పాడవకూడదు కాబట్టి పదేసి లూపుల చొప్పున పెంచండి, తగ్గించండి. తల 46 సెం.మీ. ఉన్న ఏడాది పాపకు 92, తల 50, 51 ఉన్న బాబుకు 102, తల 59 ఉన్న పెద్దవాళ్ళకు 122. బాబు టోపీకి తగ్గింపు (8 నిట్, రెండు కలిపి ఒకటి)తో, పాప టోపీకి (7 నిట్, రెండు కలిపి ఒకటి)తో మొదలవుతుంది. తిన్నగా అల్లే భాగం బాబుకు 22 వరసలు, పాపకు 18 చాలు. వయసు చూసి అల్లకండి. టేపు పెట్టి కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచి అల్లండి.

పాప టోపీకి వెంట్రుకల ఊలు వద్దు, పోగులు నోట్లోకి పోతాయి. కుచ్చు బంతిని గట్టిగా లాగి చూశాకే తొడగండి. గడ్డం కింద ముడివేసే తాళ్ళు పెట్టకండి, నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయండి.

ప్రశ్న: తెల్ల అంచుకు షాపులో దొరికే ఫర్ ఊలు వాడాను. లూపులే కనిపించలేదు, విప్పబోతే చిక్కుపడి తెగింది.
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆ ఊలుతో 112 లూపులు అల్లడం కళ్ళు మూసుకొని అల్లడమే. పట్టీ విడిగా అల్లండి. 6 నంబరు సూది మీద ఫర్ ఊలు, మామూలు తెల్ల ఊలు జతగా పట్టుకొని 10 లూపులు వేసి, అన్నీ నిట్ చేస్తూ 50 సెం.మీ. పొడవు వచ్చేదాకా పోవాలి. లూపుల్ని చూసి కాదు, వేలితో తడిమి లెక్కపెట్టాలి. పదే కాబట్టి తప్పిపోవు. టోపీని అప్పుడు ఎరుపుతోనే మొదలుపెట్టండి. 112 లూపులతో 10 నంబరు సూది మీద ప్రతి వరసలో రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 8 వరసలు అల్లి, ఆపైన ఎప్పటిలాగే. టోపీ అంతా కుట్టాక దాని మీద పట్టీ కుట్టేయండి. ఉతికేటప్పుడు విప్పుకోవచ్చు కూడా.

ప్రశ్న: అంచు పైకి చుట్టుకుపోతోంది. ఇస్త్రీ చేస్తే సరిపోతుందా?
– ఓ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇస్త్రీ పెట్టె దగ్గరికే తీసుకెళ్ళకండి. వేడికి అక్రిలిక్ పోగు మెత్తబడి చదునైపోతుంది, మళ్ళీ కోలుకోదు. అంచుకు కూడా ఒక నిట్, ఒక పర్ల్ వరసలే అల్లి ఉంటారు. ఆ అల్లికకు అడుగు అంచు ముందుకు చుట్టుకోవడం స్వభావం. ఉతికినా, బరువు పెట్టినా మళ్ళీ చుట్టుకుంటుంది. అడుగు అంచు వెంట లూపులు ఎత్తుకొని 10 నంబరు సూదితో అన్నీ నిట్ చేస్తూ 12 వరసలు తెలుపు అల్లి వదులుగా ముగించండి.

ప్రశ్న: పోయిన ఏడాది టోపీ ఉతికితే తెల్ల అంచు గులాబీ రంగైంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉప్పు వల్ల అద్దకం కొత్తగా గట్టిపడదు. నానబెట్టడమే అసలు ప్రమాదం. అక్రిలిక్ ఎరుపు సాధారణంగా దిగదు, నూలు, ఉన్ని ఎరుపులతోనే పేచీ. కొన్న రోజే జానెడు పోగు గోరువెచ్చని నీళ్ళలో తడిపి తెల్ల గుడ్డలో పెట్టి నలపండి. మరక పడిందా, దాన్ని తెలుపుతో కలపకండి. దిగే రంగు ఊలు ఇప్పటికే కొనేసి ఉంటే చిలపగా చుట్టి, నీళ్ళు తేరేదాకా ముందే జాడించి ఆరబెట్టి అల్లండి. టోపీని చన్నీళ్ళలో రెండు నిమిషాల్లో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన పరచండి. దండెం మీద వేస్తే నీళ్ళ బరువుకు సాగుతుంది. తడి టోపీని మడిచి వదిలేస్తే మాత్రం ఎంత మంచి ఎరుపైనా తెలుపుకు అంటుకోవచ్చు.

ప్రశ్న: మా ఊళ్ళో డిసెంబరులో కూడా చెమటే. నూలుతో అల్లవచ్చా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అల్లవచ్చు, కానీ లెక్క మారుతుంది. నూలు సాగితే ఊలులా వెనక్కి రాదు, బరువూ ఎక్కువే. చుట్టుకొలత ఇంకో రెండు సెం.మీ. తగ్గించి, అంచుకు రెండు నిట్, రెండు పర్ల్ పట్టీ వేయండి. తగ్గింపు నాలుగు వరసలకోసారి చేసి శంకువు పొట్టిగా ఉంచండి. పొడవుగా అల్లితే కొన బరువుకు టోపీ వెనక్కి జారిపోతుంది. కుచ్చు బంతి మాత్రం అక్రిలిక్‌తోనే చేయండి, తేలిక.

ప్రశ్న: మాకు లేసు పని వచ్చు, రెండు సూదుల అల్లిక రాదు. క్రోషాతో ఈ టోపీ వస్తుందా?
– కొందరు పాఠకురాళ్ళు, నరసాపురం

జవాబు: ఆ చేతివాటానికి ఇది చిన్న పని. లేసుకు వాడే సన్నటి ఉక్కు సూది పక్కన పెట్టి 4 మి.మీ. క్రోషా సూది, డబుల్ నిటింగ్ ఊలు తీసుకోండి. కొన నుంచి మొదలుపెట్టాలి. వలయంలో 6 కుట్లు వేసి, రెండు చుట్లు మామూలుగా, మూడో చుట్టులో ఆరు చోట్ల ఒకదాంట్లో రెండేసి. ఇలా మూడు చుట్లకోసారి ఆరు చొప్పున పెంచుతూ 96 కుట్ల దాకా వెళ్ళండి. అప్పటికి 46 చుట్లు. ఆపైన పెంచకుండా 16 చుట్లు ఎరుపు, 10 చుట్లు తెలుపు. 10 సెం.మీ.కు 18 కుట్ల లెక్కన చుట్టుకొలత 53 వస్తుంది. క్రోషా అంతగా సాగదు కాబట్టి తలకంటే రెండు మూడు సెం.మీ. తక్కువుంటే చాలు.

ఇక్కడ చెప్పిన కుట్టు అమెరికా నమూనాల్లో సింగిల్ క్రోషా, బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషా. పేరు చూసి కుట్టు మారిస్తే ఎత్తు లెక్కంతా తప్పుతుంది. లేసు బిగువుతో అల్లితే టోపీ అట్టలా నిలబడుతుంది, చేయి కాస్త వదలండి.

ప్రశ్న: కుచ్చు బంతి నుంచి పోగులు రాలిపోతున్నాయి.
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నడుమ కట్టు వదులుగా ఉంది. అక్రిలిక్ పోగుతోనే కడితే బిగించేటప్పుడు జారుతుంది. గట్టి నూలుదారం రెండు పేటలుగా కట్టండి. 7 సెం.మీ. వెడల్పు, మధ్యలో రెండున్నర సెం.మీ. రంధ్రం ఉన్న అట్టబిళ్ళలు రెండు జతచేసి, రంధ్రం దాదాపు నిండేదాకా ఊలు చుట్టండి. బిళ్ళల మధ్య కత్తెర దూర్చి అంచు కోసి, అక్కడే దారం తిప్పి రెండు ముళ్ళు వేయండి. చుట్టింది తక్కువైతే ఎంత బిగించినా రాలుతుంది. కట్టిన దారం కొసల్ని టోపీ కొనలోంచి లోపలికి దించి ముడివేస్తే బంతి ఊడదు.

ప్రశ్న: సండే స్కూలు పిల్లలకు 40 టోపీలు కావాలి. ఎంత ఊలు కొనాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?
– ఓ టీచరు, కాకినాడ

జవాబు: పెద్దసైజు లెక్కనే కొనండి. ఎరుపు 2 కిలోలు, తెలుపు కిలో 600, వాటి మీద పదోవంతు. అన్ని ఉండల లేబుళ్ళ మీదా రంగు లాటు నంబరు ఒకటే ఉండాలి. రెండోసారి వెళ్ళి తెచ్చిన ఎరుపు దుకాణంలో కలిసినట్టే ఉంటుంది, ఎండలో పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వేర్వేరు లాట్లే దొరికితే ఒక్కో టోపీ ఒకే లాటుతో పూర్తిచేయండి.

పెద్ద టోపీలో సుమారు 9,200 లూపులుంటాయి. నిమిషానికి 20 అల్లే చేతికి ఏడున్నర గంటలు పైనే, కొత్తవాళ్ళకు 13 గంటలు. పిల్లల సైజుకు ఇంకాస్త తక్కువ. ఆరుగురు కలిస్తే తలా ఏడు టోపీలు, నవంబరు మొదటి వారంలో కూర్చోవాలి. అయితే ఆరుగురి బిగువూ ఆరు రకాలు. ఎవరి నమూనా ముక్క వారిదే, ఎవరి సూది నంబరు వారిదే. బంతులన్నీ ఒక్కరే చేస్తే సైజు ఒకేలా ఉంటుంది.