కోత రాశావు, మేట ఏది?

తమ్ముడూ, ఆశీస్సులు.

హైడ్రోజన్‌ని కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ రియాక్టర్ గోడల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే "15 కోట్ల డిగ్రీలు" మూడుసార్లు వచ్చింది. ఒక్కసారి చాలు. ఆ అంకె నిన్నే తప్పుదారి పట్టించింది. "వేడికి గ్రాఫైట్ పలకలు కరిగి అరిగిపోతాయి" అని రాసేశావు. గ్రాఫైట్ అక్కడ కరగదు, మరీ వేడెక్కితే నేరుగా ఆవిరవుతుంది. దాన్ని గోడకి ఎంచుకున్నదే అందుకు. ఇంకో కారణమూ ఉంది. 1970ల చివర్లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పీఎల్‌టీ అనే టోకమాక్‌లో, అంటే ప్లాస్మాని (విద్యుదావేశం ఉన్న మహా వేడి వాయువుని) అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రంలో, ఆ ప్లాస్మా అంచున టంగ్‌స్టన్ పెట్టి చూశారు. ఆ బరువైన పరమాణువులు నడిమధ్యకి చేరి, వేడిని కాంతిగా వెదజల్లేశాయి. గ్రాఫైట్‌లో ఉండే కార్బన్ తేలిక. కాస్త చొరబడినా ప్లాస్మా ఓర్చుకుంటుంది.

మరి ఆ కార్బన్‌ని తినేది ఏది? కెమిస్ట్రీ. ఇక్కడ నిదానంగా రాయి. ప్లాస్మాలోని అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) వచ్చి గుద్ది గోడలోని పరమాణువుని ఊడగొట్టాలంటే దానికి కొంత కనీస శక్తి కావాలి. హైడ్రోజన్‌లో బరువైన రకమైన డ్యుటీరియానికైతే ఇంచుమించు 30 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తికి కొలత). రసాయన కోతకి ఆ గడప లేదు. నింపాదిగా వచ్చిన హైడ్రోజన్ కూడా కార్బన్‌కి అంటుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చేరాయంటే మీథేన్ అయి లేచిపోతుంది. మన గోబర్ గ్యాస్‌లో ఉండేదే. పలక 500-600 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఇది జోరుగా సాగుతుంది. ఇంకాస్త వేడెక్కితే తగ్గుతుంది, హైడ్రోజన్ కార్బన్‌ని వదిలేసి తమలో తాము జంటకట్టి వెళ్ళిపోతుంది కాబట్టి. వేడి పెరిగితే కోత తగ్గడం! పాఠకుడు ఆగి మళ్ళీ చదువుకునే చోటు ఇదే. నువ్వేమో "క్లిష్టమైన రసాయన చర్యలు" అని దాటేశావు.

"క్రమక్షయం" తీసెయ్. గోదావరి ఒడ్డున ఎవరినడిగినా ఏటి కోత అంటారు. పైగా కోత ఉంటే ఎక్కడో మేట ఉండాలని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను రాయడం మొదలెట్టిన రోజుల్లో ఇదే విషయం మీద నా వ్యాసం చదివి ఓ కెమిస్ట్రీ లెక్చరర్ కార్డు రాశారు: "పోయిన కార్బన్ ఎక్కడికి పోయిందండీ?" నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు తల పట్టుకున్నాను.

జవాబు ఇంగ్లండ్‌లో, కల్‌హామ్‌లోని జెట్ అనే టోకమాక్ యంత్రంలో దొరికింది. 1997లో అక్కడ ట్రిటియంతో (ఇంధనంగా వాడే ఇంకా బరువైన హైడ్రోజన్ రకం) 16 మెగావాట్లు సాధించారు. అందరూ ఆ అంకే రాశారు. లోపలికి పంపిన ట్రిటియం దాదాపు 35 గ్రాములైతే, ప్రయోగాలు ముగిసేసరికి అందులో మూడో వంతు యంత్రంలోనే చిక్కుకుపోయింది. ఎంత శుభ్రం చేసినా సుమారు 6 గ్రాములు మిగిలింది. ఎక్కడ? ప్లాస్మా తాకని నీడలో, డైవర్టర్ (ప్లాస్మా నుంచి వచ్చే వేడినీ మురికినీ బయటికి తీసే అడుగు భాగం) లోపలి వైపున, నీళ్ళతో చల్లబరిచే రేకుల దగ్గర. గోడ నుంచి లేచిన మీథేన్ లాంటి హైడ్రోకార్బన్లు అక్కడ ట్రిటియాన్ని వెంటేసుకుని పొరలు పొరలుగా మేటవేశాయి, పెచ్చులుగా రాలాయి.

గోడ అరిగితే పలక మార్చుకోవచ్చు. ట్రిటియం అలా కాదు, రేడియోధార్మికం, దొరకడం కష్టం. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఐటర్ అనే పెద్ద టోకమాక్ లోపల అది 700 గ్రాములకి మించి పేరుకోకూడదని హద్దు పెట్టుకున్నారు. కార్బన్ గోడతో ఆ హద్దు తొందరగా వచ్చేస్తుందని లెక్కల్లో తేలింది. జెట్‌లో కార్బన్ పీకేసి బెరీలియం, టంగ్‌స్టన్ బిగించి 2011లో మళ్ళీ నడిపితే, లోపల చిక్కే ఇంధనం పదో వంతుకి దిగిపోయింది. ఐటర్ కూడా కార్బన్‌ని వదిలేసింది. 2023లో బెరీలియం కూడా వద్దు, టంగ్‌స్టనే అంది. ప్రిన్స్‌టన్‌లో వద్దనుకున్న లోహమే చూడు! ఇదంతా ఒక్క పేరాలో సర్దు.

చివర్లో దేశభక్తి కోసం అతికించిన పేరా ఉంది చూడు, అది కొట్టేశాను. మన సంగతి రాయాలనుంటే, గాంధీనగర్‌లోని ఎస్‌ఎస్‌టీ-1 అనే మన టోకమాక్‌లోనూ గ్రాఫైట్ పలకలే వాడారన్న ఒక్క ముక్క గ్రాఫైట్ ప్రస్తావన దగ్గరే పెట్టు.

నీ మూడో పేజీలో "పొరలు ఏర్పడతాయి" అని అర వాక్యం ఉంది. దాన్ని మొదటికి తెచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి గోడ దాకా నడిపించు. సంక్రాంతికి నేను ఊళ్ళోనే ఉంటాను. ఫోన్‌లో పంపకు, కాగితాల మీద తీసుకురా, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుందాం.

ఉంటాను,
మీ అన్నయ్య