మొదటి ప్రాజెక్టుగా పాత .22 రైఫిల్ పనికొస్తుందా? నా అనుభవం

బ్యారెల్ మీద తుప్పు, స్టాక్ (చెక్క భాగం) నిండా గీతలు ఉన్న పాత బోల్ట్ యాక్షన్ (వెనకున్న బోల్ట్‌ను చేత్తో తెరిచి మూసే) .22 రైఫిల్ తక్కువకు దొరుకుతోందని, ఇంతవరకు ఒక్క తుపాకీ కూడా విప్పలేదని, దీంతో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. లైసెన్స్ సంగతి సరిగ్గా ఉంటే నిక్షేపంగా మొదలుపెట్టండి. నేనూ అలాంటిదానితోనే నేర్చుకున్నాను. నాది వించెస్టర్ మోడల్ 67. 1934 నుంచి 1963 దాకా తయారైన సింగిల్ షాట్ రైఫిల్, అంటే ఒకసారికి ఒక్క తూటానే పెట్టేది. బోల్ట్ మూశాక వెనకున్న కాకింగ్ పీస్‌ను చేత్తో లాగాలి, అప్పుడే పేల్చడానికి సిద్ధమవుతుంది. అందులో భాగాలు చాలా తక్కువ. కొత్తవాళ్లకు అదే మేలు.

అయితే పైన కనిపించే తుప్పు చూసి ధర బేరమాడకండి. బోల్ట్ తీసి చిన్న టార్చ్‌తో చాంబర్ (తూటా కూర్చునే చోటు) చూడండి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమింగ్ మందు (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది) అడుగున ఉండే అంచులోనే ఉంటుంది, ఫైరింగ్ పిన్ కొట్టేది ఆ అంచునే. చాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని రైఫిళ్లలో ఆ దెబ్బ చాంబర్ అంచు మీదే పడుతుంది. ఏళ్ల తరబడి అలా నొక్కితే అక్కడ సొట్ట పడి, పేలిన ఖాళీ గుల్ల బయటికి రాకుండా పట్టేస్తుంది. తర్వాత బ్యారెల్‌ను వెలుతురుకి పెట్టి లోపల చూడండి. పాతకాలపు తూటాల ప్రైమింగ్ పేలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాగేది. ఆ రోజే కడగకపోతే బ్యారెల్ లోపల తుప్పు తినేసేది. పై తుప్పు మీరు తీయగలరు. లోపల పడ్డ గుంటలను ఎవరూ పూడ్చలేరు.

విప్పేముందు తూటా లేదని రెండుసార్లు చూసుకోండి. ట్యూబ్ మ్యాగజైన్ (తూటాలు వరసగా నింపే గొట్టం) ఉన్నదైతే గొట్టంలో ఒకటి ఇరుక్కుని కంటికి కనపడకుండా ఉండొచ్చు.

స్క్రూల దగ్గర నేను దెబ్బతిన్నాను. ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్‌తో ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ తిప్పబోతే అది జారి గాడి చిట్లిపోయింది. మామూలు స్క్రూడ్రైవర్ మొన కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గన్ స్క్రూల గాడి అలా ఉండదు, అందుకే పట్టు దొరకదు. గాడిలో ఖాళీ లేకుండా కూర్చునే బిట్లు కొనుక్కోండి. రానిదాన్ని బలవంతం చేయొద్దు. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి.

బ్యారెల్ మీది తుప్పుకి నాలుగు సున్నాల (0000, అతి మెత్తని రకం) స్టీల్ ఊల్, కొంచెం నూనె చాలు. కింద మిగిలిన నల్లని బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఉక్కుకు ఇచ్చే పూత) పోకుండా మెల్లగా రుద్దాలి. మోటారుకు బిగించిన వైర్ బ్రష్ జోలికి పోకండి, చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోతాయి. ట్రిగ్గర్ గార్డ్‌ని మాత్రం జిడ్డంతా కడిగేసి డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించాను. ఎర్రగా ఉన్న తుప్పు నీళ్లలోనే నెమ్మదిగా ముదురు గోధుమ రంగుకి, ఆ పైన వెల్వెట్ లాంటి నలుపుకి తిరిగింది. బయటికి తీసి స్టీల్ ఊల్‌తో తుడిస్తే పైన పొడి రాలిపోయి, కింద లోహాన్ని అంటిపెట్టుకున్న నలుపు మిగిలింది. దాని మీద నూనె పూశాక నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

చెక్క పనికి ఓపిక కావాలి. సొట్టలు కనపడగానే ఉప్పుకాగితం తీసుకోకండి. సొట్ట మీద తడిబట్ట వేసి ఇస్త్రీ పెట్టె మొన ఆనించండి. ఆవిరికి నలిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. పోగు తెగిన గీత మాత్రం అలా లేవదు. లోహం చెక్కకు ఆనే అంచుల దగ్గర అసలు రుద్దవద్దు, అక్కడ కొంచెం అరిగినా సందు కనిపిస్తుంది. తర్వాత బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పల్చగా పూసి, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనివ్వండి. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విప్పి పరిచి ఆరేయండి.

ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్‌ను పట్టి ఉంచే ముక్క, సియర్‌కి ఆకురాయి తగలనివ్వకండి. అది తేడా చేస్తే బోల్ట్ గట్టిగా మూసినా పేలవచ్చు. అరుదైన మోడల్ అని అనుమానం వస్తే రంగు, పాలిష్ అన్నీ ఆపి ముందు తెలిసినవారికి చూపించండి.

అంతా బిగించాక నేరుగా రేంజ్‌కి వెళ్లకుండా హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటా అంచుకు ఉండే చోటు), ఫైరింగ్ పిన్, సేఫ్టీ తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేత చూపించుకోండి. నేను ఆ ఒక్క పనికి డబ్బు ఖర్చుపెట్టాను. ఆ తర్వాతే మొదటి తూటా పేల్చి, ఖాళీ గుల్లను వేళ్ల మధ్య తిప్పి చూశాను. అంచు మీద పిన్ గుర్తు లోతుగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా ఉబ్బు లేదు, చీలిక లేదు. మీరూ మొదటి గుల్లను అలాగే చూడండి, తేడా కనిపిస్తే రెండోది పెట్టకండి.