పూలు కోసే గంట

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. నిన్న నువ్వు ఫోన్లో "జూన్ మొదటి శని, ఆదివారాలు బల్గేరియా వెళ్తున్నాం, గులాబీల పండగ చూసి వచ్చేస్తాం" అన్నావు. ఏదో చెప్పబోయేసరికి నీ కుక్కర్ విజిల్ వేసింది, నువ్వు పెట్టేశావు. రాత్రంతా అదే ఆలోచన. ఇంత దూరం వెళ్ళి, ఇంత డబ్బు పోసి, అసలుది చూడకుండా వస్తారేమోనని. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టికెట్లు ఇంకా కొనకపోతే ఇది చదివాకే కొను.

మొదటిసారి నేనూ మీ పెద్దనాన్నా ఒక టూర్ వాళ్ళతో వెళ్ళాం. హోటల్లో టిఫిన్లు అయ్యి, బస్సు కదిలి, తోట దగ్గర దిగేసరికి పదిన్నర. తోట నిండా పచ్చటి పొదలు, అక్కడక్కడా నాలుగు వాడిన పూలు. కోత పొద్దున్నే అయిపోయింది. మాకోసం నలుగురు ఆడపిల్లలు ఎర్ర పావడాలు కట్టుకుని డాన్స్ చేశారు, మా మీద రేకులు చల్లారు, ఫోటోలు తీసుకున్నాం, అయిపోయింది. బస్సెక్కాక మీ పెద్దనాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాలుగేళ్ళకి మేమిద్దరమే మళ్ళీ వెళ్ళాం, తొమ్మిది రోజులు ఉన్నాం. నేను నీకు చెప్పగలిగిందంతా ఆ రెండో ప్రయాణంలో తెలుసుకున్నదే.

అక్కడ దేన్నైనా దాని వేళకి వెళ్ళి చూడాలి. అన్నిటికంటే ముందు గులాబీని.

గులాబీల లోయ అంటే ఉత్తరాన బాల్కన్ కొండలు, దక్షిణాన స్రెద్నా గోరా కొండలు, మధ్యలో కజన్లక్, కార్లోవో ఊళ్ళూ వాటి చుట్టుపక్కల పల్లెలూ. అక్కడ నూనె కోసం పెంచేది డమాస్క్ గులాబీ. మన పూలకొట్లో దొరికే పొడుగు కాడల గులాబీని మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ పడతావు. ఇది చిన్నది, లేత గులాబి రంగు, ముప్పై రేకుల దాకా ఒత్తుగా ఉంటుంది, కోసిన కాసేపటికే వాడిపోతుంది. అందమంతా వాసనలోనే. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. మే మూడో వారం అటూఇటూ మొదలై జూన్ మధ్యకల్లా అయిపోతుంది. ఎండలు ముదిరిన ఏడాది ఇంకా తొందరగా ముగిసిపోతుంది. కజన్లక్‌లో పండగ పెద్ద సందడి జూన్ మొదటి వారాంతంలో. 1903 నుంచీ జరుపుతున్నారు. అప్పటికి కోత చివరికి వచ్చేసి ఉండొచ్చు, ఊళ్ళో గది దొరకదు, దొరికినా రేటు మండిపోతుంది. కాబట్టి మే ఆఖరి వారంలో, మామూలు పనిరోజున తోటలో ఉండేలా చూసుకో. సెలవు దొరికితే పండగ దాకా ఉండు. గులాబీల రాణికి కిరీటం పెట్టడం, ఊరేగింపు, అన్నీ చూడదగ్గవే. రెండిట్లో ఒకటే కుదిరితే మాత్రం తోటకే వెళ్ళు.

ముందురోజు రాత్రికే కజన్లక్ చేరిపోవాలి. రాజధాని సోఫియా నుంచి రైలు కొండల వారనే లోయలోకి వస్తుంది, కిటికీ పక్కన కూర్చో. మీరు దిగే హోటల్ వాళ్ళని కోత జరిగే తోట ఏదో ముందే అడిగి, తోట వాళ్ళ అనుమతి తీసుకోమను. ఐదింటికల్లా తోటలో ఉండాలి. మే నెల కదా అని పల్చటి చీరతో వెళ్ళి నేను గజగజా వణికాను, నువ్వు స్వెట్టర్ వేసుకో. మంచుకి బూట్లు తడిసి ముద్దవుతాయి, ఇంకో జత ఉంచుకో. చేతులు నిండుగా ఉండే చొక్కా తప్పనిసరి, ముళ్ళు సన్నవే గానీ బాగా గీరతాయి.

కోయడం నాకు ఒకావిడ నేర్పింది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నా చెయ్యి పట్టుకుని, పువ్వు కింద కాయలా ఉబ్బి ఉండే చోట నా బొటనవేలు పెట్టించి, వెనక్కి వంచింది. టప్‌మని చిన్న చప్పుడు. లాగకూడదు, గిల్లకూడదు, వంచాలి అంతే. పువ్వు లోపల చల్లగా తడి, దాంట్లో ఒక తేనెటీగ ఇంకా లేవకుండా పడుకుని ఉంది. ఆవిడ దాన్ని ఊది లేపి, పువ్వుని నడుముకి కట్టుకున్న సంచిలో వేసుకుంది. వాసన ముక్కుకి తగలడం కాదు తల్లీ, అది గొంతులో దిగుతుంది. మిరియం లాంటి చిన్న ఘాటు కూడా ఉంటుంది దాంట్లో. ఎండ ఎక్కేకొద్దీ పువ్వులో నూనె ఆవిరైపోతుంది. అందుకే ఆ తొందర. తొమ్మిది, పది కాకముందే బస్తాలు నూనె తీసే బట్టీకి వెళ్ళిపోతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. వాళ్ళకి కూలి కిలోల లెక్కన. నువ్వు ఫోటో కోసం ఆపిన ప్రతి నిమిషం వాళ్ళ సంపాదన. అడక్కుండా ఫోటో తీయకు. నువ్వు కోసిన పూలు పక్క వరసలో ఉన్నవాళ్ళ సంచిలోనే వెయ్యి. నేను గంటసేపు కోసిన పూలతో ఆవిడ సంచి అడుగు కూడా నిండలేదు, అయినా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

అక్కణ్ణించి బస్తాల వెనకే బట్టీకి వెళ్ళండి. పూలూ నీళ్ళూ కలిపి మరిగించి, ఆ ఆవిరిని చల్లారుస్తారు. అలా వచ్చిన నీటిని మళ్ళీ ఒకసారి కాస్తే, పైన పల్చటి పసుపు తెట్టు తేలుతుంది. అదే నూనె. కిలో నూనెకి మూడు నుంచి నాలుగు టన్నుల పూలు కావాలి, అంటే ఒక్క గ్రాముకి మూడు నాలుగు కిలోలు! పాతకాలపు రాగి కాగుల్ని కజన్లక్‌లోని గులాబీ మ్యూజియంలో చూడొచ్చు. కజాన్ అంటే టర్కీ మాటలో కాగు, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఇంకో ముచ్చట. నూనె గులాబీని పాతవాళ్ళు ఇప్పటికీ గ్యుల్ అనే అంటారు. మన గులాబీలో ఉన్న పారశీక గుల్ అదే, గులాబ్ అంటే పూలనీళ్ళు. మనం పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరు పేరే మనం పువ్వుకి పెట్టుకున్నామన్నమాట. గులాబి రేకుల జామ్ తిన్నప్పుడు నీకు వెంటనే గుల్కంద్ గుర్తొస్తుంది.

నూనె కొనేటప్పుడు జాగ్రత్త. రంగురంగుల చెక్క బుడ్డీల్లో రెండు మూడు యూరోలకి దొరికేది దాదాపు ఎప్పుడూ సెంటే. మొదటిసారి నేను ఒక దుకాణంలో అసలు నూనె అని నమ్మి డజను కొని అందరికీ పంచాను, మీ అమ్మకి ఇచ్చింది కూడా అదే. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను. అసలు నూనె చల్లబడితే గడ్డకడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే లోపల తెల్లటి పలుకులు తేలతాయి. చేత్తో పట్టుకుంటే మళ్ళీ కరుగుతాయి. బట్టీలోనో మ్యూజియంలోనో ఒక్క గ్రాము బుడ్డి కొనుక్కో, చాలు. మిగతా డబ్బులతో పన్నీరు, జామ్ కొనండి.

మధ్యాహ్నం త్రేసియన్ల సమాధికి వెళ్ళు. బల్గేరియన్లకి చాలా ముందు ఆ నేలని ఏలినవాళ్ళు త్రేసియన్లు. 1944లో సైనికులు తవ్వుతుంటే బయటపడింది, క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం నాటిది. లోపలి చిత్రాలు చెడిపోకుండా పక్కనే అచ్చుగుద్దినట్టు ఇంకొకటి కట్టి, వచ్చినవాళ్ళకి అది చూపిస్తారు. నకలేగా అని వెనక్కి తిరగొద్దు. గుండ్రటి చిన్న గది, తలెత్తితే గోపురం లోపల బొమ్మలు. విందుబల్ల దగ్గర భర్త, పక్కన భార్య తల వంచుకుని, ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని ఉంటారు. ఆఖరి వీడ్కోలు అంటారు. మీ పెద్దనాన్న దాని కింద నుంచుని, పెళ్ళిలో పురోహితుడు నా చెయ్యి పట్టించిన తీరు గుర్తుచేశారు. ఆ గదిలో ఇద్దరే ఉండే సమయం చూసుకుని వెళ్ళండి.

ఆ లోయలో ఇలాంటి సమాధులున్న మట్టిదిబ్బలు ఎన్నో. గోల్యామా కోస్మత్కా దిబ్బలో 2004లో త్రేసియన్ రాజు మూడో సెవ్థెస్ సమాధి దొరికింది. ఆయన కంచు తల దొరికింది, బంగారు ఆకుల కిరీటం దొరికింది. ఆయన రాజధాని సెవ్థోపొలిస్ మాత్రం కోప్రింకా జలాశయం అడుగున ఉంది. 1948లో ఆనకట్ట పనుల్లో బయటపడితే, తవ్వి రాసిపెట్టుకుని మళ్ళీ నీటికి వదిలేశారు. కట్ట మీద నిలబడితే నీళ్ళే కనిపిస్తాయి. నాగార్జునకొండ లోయని నీళ్ళకి అప్పగించిన మనవాళ్ళకి ఆ చూపు వేరుగా తగులుతుంది. అక్కడ మనవాళ్ళు కట్టడాల్ని కొండ మీదికి ఎత్తి కాపాడారు, ఇక్కడ ఊరు ఊరంతా కిందే ఉండిపోయింది.

ప్లోవ్‌దివ్ నగరంలో రోమన్ల నాటి నాటకశాలకి సాయంత్రం ఎండ వాలాక వెళ్ళు, పగటిపూట రాళ్ళు కాలిపోతాయి. పాత బస్తీలో వీధి మీదికి ముందుకు పొడుచుకొచ్చిన మేడలు చూసి ఆ పూటకి వచ్చేసెయ్యి. షిప్కా కనుమ దారిలోనే ఉంది, అక్కడి స్మారకం 1877-78 రష్యా-టర్కీ యుద్ధానికి గుర్తు. మెట్లెక్కే ఓపిక ఉంటేనే ఆగండి.

రీలా మఠానికి మాత్రం ఒక రాత్రి కేటాయించు. సోఫియా నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే బస్సులే ఎక్కువ, మధ్యాహ్నం తిరునాళ్ళలా ఉంటుంది. మఠంలోనే గదులిస్తారు, సాదా మంచం, దుప్పటి. బస్సులు వెళ్ళిపోయాక ఆ నలుపు తెలుపు చారల కమానుల కింద పక్కన ఏరు పారే చప్పుడొక్కటే వినిపిస్తుంది. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, అల్లుడుగారిని నిక్కర్లు తీసుకురావొద్దని చెప్పు. మ్యూజియంలో రఫయిల్ అనే సన్యాసి చెక్కిన శిలువ ఉంది. ఒకే చెక్క మీద పన్నెండేళ్ళు సూదులూ చిన్న ఉలులూ పట్టుకుని ఆరువందలకి పైగా బొమ్మలు చెక్కాడు, ఒక్కో తల బియ్యపు గింజంత కూడా ఉండదు. 1802లో పూర్తయ్యేసరికి చూపు పోయిందని చెబుతారు. సోఫియా శివార్లలో బోయానా చర్చిలో లోపల పది నిమిషాలే ఉండనిస్తారు. 1259 నాటి చిత్రాల కోసం అది. బయట నిలబడే ముందే చదువుకుని వెళ్ళి, లోపల దెసిస్లావా అనే రాణివాసపు స్త్రీ ముఖం ఒక్కటి చూడు. పదీ దాని ముందే గడిపినా నష్టం లేదు.

ఇక చిన్న చిన్నవి. వాళ్ళు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకి కిందికి. మన తల ఊపుడు వాళ్ళకి అసలు అర్థం కాదు, నోటితో 'దా' అంటే అవును, 'నే' అంటే కాదు. అక్షరాలు ముందే నేర్చుకో, రెండు రోజుల పని. ఇంగ్లీషు పీలా కనిపించేది ర, హెచ్‌లా ఉన్నది న, సి అంటే స. మే 24న వాళ్ళు తమ అక్షరాలకే పండగ చేస్తారు, బడిపిల్లలు పూలు పట్టుకుని ఊరేగుతారు. ఆ రోజుకి సోఫియాలో దిగితే ఇంకా మంచిది. 2026 నుంచి అక్కడ యూరోలే, ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల్లో కూడా చేరిపోయారు కాబట్టి మీ జర్మనీ పర్మిట్ సరిపోతుంది. తిండికి టెన్షన్ పడకు. పెరుగు మన గేదె పెరుగులా గట్టిగా, కమ్మగా ఉంటుంది. దాన్ని తోడు పెట్టే సూక్ష్మజీవిని 1905లో కనిపెట్టింది ఆ దేశపు వైద్యుడే, దాని పేరులో కూడా బల్గేరియా ఉంది. దోసకాయ ముక్కలు, వెల్లుల్లి, అక్రోటు వేసి పల్చగా చేసే తారాతోర్ అడుగు, ఎండలో తిరిగొచ్చాక గిన్నె గిన్నె తాగేస్తావు.

వాతావరణం చూసి తోట రోజు అటూఇటూ మార్చుకో, వాన పడ్డా కోత ఆగదు కానీ నీ బూట్లు ఆగిపోతాయి. కజన్లక్‌లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు బుక్ చెయ్యి. మొదటిరోజు నిద్ర లేవలేకపోతే రెండోరోజు ఉంటుంది. అలారం నాలుగింటికి పెట్టి, ఫోన్ మంచానికి దూరంగా పెట్టు. అల్లుడుగారు విసుక్కున్నా లేపు, చేతికి సంచి ఇవ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ