గో కోసం బిల్డ్‌ప్యాక్ రాసే ముందు మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

మీ ల్యాబ్‌లో గో ప్రోగ్రామింగ్ భాషలో రాసిన రెపోలు (కోడ్ ఫోల్డర్లు) పెరిగాయనీ, రెపోని చూసి దాన్ని నడిపే డాకర్ ఇమేజ్‌ని, అంటే కావాల్సినవన్నీ సర్దిన మూటని, తయారుచేసే రెపోటుడాకర్ టూల్‌కి గో కోసం నువ్వే ఒక బిల్డ్‌ప్యాక్, అంటే ఒక రకం రెపోని ఎలా కట్టాలో చెప్పే భాగం, జోడిద్దామనుకుంటున్నాననీ చెప్పావు. మంచిదే, రాయి. కాకపోతే ఎడిటర్ తెరిచే ముందు ఇది చదువు.

అసలు బిల్డ్‌ప్యాక్ అవసరమా అన్నది ముందు తేల్చుకో. ఎవరైనా ఆక్టేవ్ అనే లెక్కల భాష కావాలని వస్తే నేను కొత్త కోడ్ రాయనివ్వను. సిస్టమ్ ప్యాకేజీలు రాసే ఆప్ట్.టెక్స్ట్‌లో ఆక్టేవ్ అని ఒక లైను, పైథాన్ ప్యాకేజీలు రాసే రిక్వైర్‌మెంట్స్.టెక్స్ట్‌లో దాని కెర్నల్ (ఆ భాషని నోట్‌బుక్‌లో నడిపే భాగం) పేరు ఇంకో లైను, అంతే. ఇంకేమైనా మిగిలితే బిల్డ్ చివర్లో నడిచే పోస్ట్‌బిల్డ్ స్క్రిప్టు ఉండనే ఉంది. ఒక్క రెపో కోసమైతే నీకూ అదే చెప్పేవాణ్ణి. నీ ఇబ్బంది వేరు: ఒకే పోస్ట్‌బిల్డ్‌ని అందరూ కాపీ కొట్టుకుని, తలా ఒక రకంగా మార్చుకుంటున్నారు. దానికి బిల్డ్‌ప్యాకే మందు. డాకర్‌ఫైల్ (ఇమేజ్‌ని ఎలా కట్టాలో మనమే రాసే ఫైలు) పెట్టేస్తే పోలా అని ఎవరో ఒకరు అంటారు. డాకర్‌ఫైల్ కనిపిస్తే ఈ టూల్ మిగతా కాన్ఫిగ్ ఫైళ్ల వంక చూడదు. నోట్‌బుక్‌లు తెరిచే జూపిటర్ పెట్టుకోవడంతో సహా బరువంతా రెపో రాసినవాడి మీద పడుతుంది.

కొత్త కాన్ఫిగ్ ఫైలు మాత్రం కనిపెట్టకు. గో వాళ్ల దగ్గర తమకి కావాల్సిన మాడ్యూళ్లు (లైబ్రరీలు) రాసుకునే గో.మాడ్ ఎలాగూ ఉంటుంది, దాన్నే చదువు. ఈ టూల్ కోసం ప్రత్యేకంగా ఏమీ నేర్చుకోకుండానే రెపో పనిచెయ్యాలన్నది దాని ఉద్దేశం.

మొదలుపెట్టేటప్పుడు జూలియా బిల్డ్‌ప్యాక్ పక్కన తెరిచి పెట్టుకో. అది పైథాన్ బిల్డ్‌ప్యాక్ నుంచి వారసత్వం తీసుకుంటుంది, పైథాన్‌ది కోండా (ప్యాకేజీలు పెట్టే టూల్) బిల్డ్‌ప్యాక్ నుంచి తీసుకుంటుంది. జూపిటర్ వచ్చేది ఆ కోండా పొర నుంచే. నువ్వూ పైథాన్ క్లాస్ నుంచే మొదలుపెట్టు. స్క్రిప్టులిచ్చే ప్రతి మెథడ్‌లో ముందు సూపర్‌ని, అంటే పై క్లాస్‌లోని అదే మెథడ్‌ని, పిలిచి, అది ఇచ్చిన జాబితాకి నీ స్క్రిప్టులు కలుపు. సూపర్ మరిచిపోతే బిల్డ్ ఒక్కోసారి ఏ ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది, తీరా చూస్తే యూజర్ అడిగిన పైథాన్ లైబ్రరీలు లోపల ఉండవు.

ఈ రెపో నాదేనా అని తేల్చే డిటెక్ట్ మెథడ్ చిన్నదే అయినా తిరకాసు అక్కడే ఉంది. జాబితాలో ఏ బిల్డ్‌ప్యాక్ ముందుగా అవునంటే దానికే పని దక్కుతుంది, రెండోదాన్ని అడగరు. నీదాన్ని కోండా తరవాత పెడితే, కోండా ఫైలు ఎన్విరాన్‌మెంట్.వైఎంఎల్, గో.మాడ్ రెండూ ఉన్న రెపోలో గో ఊసే ఉండదు. ముందు పెట్టు. వారసత్వం వల్ల కోండా పని కూడా జరిగిపోతుంది. ఇంకోటి, రెపోలో బైండర్ అనే ఫోల్డర్ ఉంటే కాన్ఫిగ్ ఫైళ్లని అందులోనే వెతకడం ఆచారం. గో.మాడ్ మాత్రం సాధారణంగా రెపో మొదట్లోనే ఉంటుంది. అలాంటి రెపోలో ఏం చెయ్యాలో ఇప్పుడే నిర్ణయించుకుని డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టు.

ఇక నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సిన విషయం, ఏ పని ఏ దశలో చెయ్యాలన్నది. గో కంపైలర్ దించుకోవడం రెపో ఫైళ్లు కాపీ కాకముందే, బిల్డ్ స్క్రిప్టుల్లో, రూట్ యూజర్‌గా జరగాలి. దించిన ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే గుర్తు) సరిచూడకుండా విప్పకు. తరవాతది ప్రీఅసెంబుల్ దశ. ఇక్కడ గో.మాడ్‌ని, ఉంటే మాడ్యూళ్ల చెక్‌సమ్‌లుండే గో.సమ్‌ని మాత్రమే కాపీ చేయించి మాడ్యూళ్లు దించేసెయ్. అప్పుడు ఎవరైనా నోట్‌బుక్‌లో ఒక అక్షరం మార్చినా డాకర్ పాత లేయర్‌నే వాడుకుంటుంది, మాడ్యూళ్లన్నీ మళ్లీ దిగవు. గో.మాడ్‌లో రీప్లేస్ అని రాసి అదే రెపోలోని ఇంకో ఫోల్డర్‌ని చూపిస్తే మాత్రం ఈ దశలో ఆ ఫోల్డర్ ఇంకా ఉండదు, బిల్డ్ పడిపోతుంది. అలాంటప్పుడు ఆ పనిని రెపో అంతా కాపీ అయ్యాక వచ్చే అసెంబుల్ దశకి నెట్టు. రిక్వైర్‌మెంట్స్.టెక్స్ట్‌లో లోకల్ పాత్ ఉంటే పైథాన్ బిల్డ్‌ప్యాక్ కూడా అదే చేస్తుంది, ఆ కోడ్ చూడు.

మాడ్యూళ్లు ఎక్కడ పెడతావో కూడా చూసుకో. గో అలవాటు ప్రకారం అవి హోమ్‌లో గో అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. మామూలుగా రెపో ఉండేదీ ఆ హోమ్‌లోనే. యూజర్ తన ఫైళ్ల మధ్య ఈ ఫోల్డర్ చూసి ఇదేంటి అనుకుంటాడు. అంతకంటే పెద్ద చిక్కు, చాలామంది కలిసి వాడే జూపిటర్‌హబ్ సర్వర్‌లో హోమ్ మీద డిస్క్ మౌంట్ చేస్తే దించినవన్నీ దాని కింద కనపడకుండా పోతాయి. కోండా, జూలియా రెండూ /ఎస్‌ఆర్‌వి కింద ఉండడం ఊరికే కాదు. నీ గోపాత్ (మాడ్యూళ్లుండే ఆ ఫోల్డర్) కూడా అక్కడే పెట్టు. ఫోల్డర్‌ని రూట్‌తో సృష్టించి, ఓనర్‌షిప్ మామూలు యూజర్‌కి ఇచ్చెయ్. మాడ్యూళ్లు దించే స్క్రిప్టు ఆ యూజర్ పేరుమీదే నడవాలి.

ప్రతి మార్పుకీ పూర్తి బిల్డ్ నడుపుతూ కూర్చోకు. నో-బిల్డ్, డీబగ్ ఆప్షన్లు కలిపి ఇస్తే తయారైన డాకర్‌ఫైల్‌ని తెర మీద చూపిస్తుంది. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. టెస్టులకి ప్రాజెక్టులో ఒక పద్ధతి ఉంది: టెస్ట్స్ ఫోల్డర్‌లో ఒక బుల్లి రెపో, అందులో వెరిఫై అనే స్క్రిప్టు. ఇమేజ్ తయారయ్యాక ఆ స్క్రిప్టు కంటైనర్ లోపల నడుస్తుంది. ఇందాక చెప్పిన రీప్లేస్ గొడవకి తప్పకుండా ఒక బుల్లి రెపో పెట్టు.

చివరగా, ఇదంతా ఎక్కడ ఉంచాలి? సొంత ప్యాకేజీలో పెట్టుకుని, కాన్ఫిగ్ ఫైల్లో బిల్డ్‌ప్యాక్‌ల జాబితాకి నీ క్లాస్ కలిపితే చాలు, ప్రాజెక్టుని ఫోర్క్ చెయ్యక్కర్లేదు, అంటే సొంత కాపీ తీసుకోనక్కర్లేదు. మీ ల్యాబ్ సర్వర్‌కి అది సరిపోతుంది. కానీ ఈ టూల్‌తో రెపోల్ని బ్రౌజర్‌లో నడిపించే మైబైండర్ సైట్ నీ కాన్ఫిగ్ చదవదు, కాబట్టి పేపర్‌లో బైండర్ లింకు ఇస్తే అవతలివాళ్లకి గో దొరకదు. అందరికీ అందాలంటే అసలు ప్రాజెక్టులోకే పంపాలి. ముందు ఇష్యూ తెరిచి, ఇది ఎవరికి కావాలో, ముందుముందు ఎవరు చూసుకుంటారో రాయి. ప్రాజెక్టు వాళ్లు వద్దంటే చిన్నబుచ్చుకోకు. గో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కోడ్‌ని మోయాల్సింది వాళ్లే కదా. నా మాట వింటే, ముందు ల్యాబ్‌లో కొన్నాళ్లు నడిపించి, ఏ రెపోలు విరిగాయో ఆ జాబితాతో సహా ఇష్యూ తెరువు.

ఆశీస్సులతో,
మావయ్య