మెడిసిన్‌కి వెళ్ళాలంటే పేరున్న కాలేజీలోనే డిగ్రీ చదవాలా?

డల్లాస్‌లో ఉంటున్నామని, అమ్మాయికి వేరే రాష్ట్రంలో పేరున్న ప్రైవేటు కాలేజీలోనూ, ఇక్కడ స్టేట్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌తోనూ సీటు వచ్చిందని, డాక్టర్ అవ్వాలంటే ఎందులో చేర్చాలని అడిగారు. నేను టెక్సస్‌లోనే స్టేట్ యూనివర్సిటీలో చదివి, ఇక్కడే ఎండీ (అమెరికాలో డాక్టర్ డిగ్రీ) చేసి, ఇప్పుడు రెసిడెన్సీలో, అంటే హాస్పిటల్లో ట్రైనింగ్‌లో ఉన్నాను. నా ఓటు స్కాలర్‌షిప్‌కే.

మెడికల్ స్కూళ్ళు ముందు చూసేది జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు), ఎంక్యాట్ (మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష). సీటు వచ్చినవాళ్ళ సగటు ఎంక్యాట్ 528కి 511 పైనే. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ గ్రేడు వచ్చిందంటే, అది ఏ కాలేజీలో వచ్చినా సీయే. పేరుకి విలువే లేదని అనను. రిసెర్చ్ ల్యాబులు, పక్కనే పెద్ద హాస్పిటల్ ఉంటే పని సులువవుతుంది. కానీ "మా పిల్లల్లో ఇంత శాతానికి సీట్లొచ్చాయి" అని కాలేజీ చెప్పే లెక్కని మాత్రం నమ్మెయ్యకండి. కొన్నిచోట్ల మార్కులు తక్కువున్నవాళ్ళకి కమిటీ లెటరే (మెడికల్ స్కూళ్ళకి కాలేజీ తరఫున ఇచ్చే సిఫార్సు లేఖ) ఇవ్వరు. వాళ్ళు అప్లై చెయ్యకుండా ఆగిపోతే శాతం దానంతటదే పెరుగుతుంది! అసలు ఎంతమంది ప్రీమెడ్‌గా, అంటే మెడిసిన్‌కి వెళ్ళాలని, చేరారో అడగండి.

ఇక డబ్బు. 2026 జూలై నుంచి కొత్తగా లోన్ తీసుకునే మెడికల్ విద్యార్థులకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. డిగ్రీలో మిగిల్చింది అప్పుడు అక్కరకొస్తుంది. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో బయటి రాష్ట్రాలవాళ్ళకి 10 శాతానికి మించి సీట్లివ్వరు. మీరు ఇక్కడే ఉంటే, అమ్మాయి బయట చదివినా మామూలుగా టెక్సస్ రెసిడెంటే, కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మెడికల్ స్కూల్లో చేరాక ఎవరు నిలదొక్కుకున్నారంటారా? డిగ్రీలో ఒక సెమిస్టర్ చెప్పిన బయోకెమిస్ట్రీ అక్కడ కొన్ని వారాల్లో అయిపోతుంది. మా బ్యాచ్‌లో ఐవీ లీగ్ నుంచి వచ్చినవాళ్ళూ, కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టినవాళ్ళూ మొదటి అనాటమీ పరీక్షకి ఒకేలా వణికారు. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ గట్టిగా చదివి వచ్చినవాళ్ళకి కొంచెం ఊపిరాడింది. స్క్రైబ్‌గానో (డాక్టర్ పక్కనుండి నోట్స్ రాసే పని), అంబులెన్సులోనో పనిచేసి వచ్చినవాళ్ళు పేషెంట్ ముందు తడబడలేదు.

మీరు ఇంకా హెచ్1బీ మీదే ఉంటే, కాలేజీ కంటే ముందు ఆ సంగతి చూడండి. అమ్మాయికి 21 నిండితే హెచ్4 (మీ మీద ఆధారపడ్డ వీసా) పోతుంది. ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారితే చాలా మెడికల్ స్కూళ్ళు ఇంటర్నేషనల్ స్టూడెంట్‌గానే లెక్కేస్తాయి, అప్లికేషనే తీసుకోనివి బోలెడు. గ్రీన్‌కార్డ్ లేకపోతే పైన చెప్పిన ఫెడరల్ లోనూ రాదు.