జపాన్ నవల మొదటి భాగంలోనే ఆగిపోయింది, ఏం చెయ్యాలి?

ఈమధ్య బెంగళూరు నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఎయిజీ యోషికావా రాసిన ‘ముసాషి’. కత్తి పట్టిన ఓ పల్లెటూరి కుర్రాడు మనిషిగా ఎలా ఎదిగాడో చెప్పే నవల, జపాన్‌లో 1600 నుంచి 1612 దాకా నడిచే కథ.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే తెలుగువాళ్లం కలిసి ఈ పుస్తకం మొదలుపెట్టామండి. ఇంగ్లిష్‌లో 970 పేజీలు. ఒకరిద్దరు చకచకా సగం దాకా లాగించేసి గ్రూపులో కథంతా చెప్పేస్తున్నారు, మిగతావాళ్లం మొదటి భాగంలోనే ఉన్నాం, వెనకబడ్డవాళ్లు మొహమాటపడి రావడమే మానేస్తున్నారు. ఆపేద్దామా? - ఓ పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఆపకండి, దయచేసి. ముందు ఒక విషయం చెప్తా, ఇది తెలిస్తే మీ సమస్యలో సగం తీరిపోతుంది. ఈ నవల పుస్తకంగా పుట్టలేదండి, ఇది సీరియల్. 1935 నుంచి 1939 దాకా ‘అసాహి షింబున్’ అనే పేపర్లో వచ్చింది. అంటే జపాన్ జనం దీన్ని నాలుగేళ్లు రోజుకి కొంచెం కొంచెంగా చదివారు, తర్వాతేమవుతుందో అని మర్నాటి పేపర్ కోసం ఎదురుచూశారు. మనం చదివేది 1981లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం, అది కూడా కుదించినదే. అలాంటిదాన్ని వీకెండ్‌లో కూర్చుని ఏకబిగిన లాగించేస్తే ఎలా ఉంటుంది చెప్పండి, ఇరవై ఎపిసోడ్ల తర్వాత ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు, అన్నీ కలగాపులగం అయిపోతాయి. ముందు పరిగెత్తినవాళ్లు ఏదో గెలిచారనుకోకండి, వాళ్లు చాలా పోగొట్టుకున్నారని నేను గట్టిగా నమ్ముతా.

కాబట్టి సీరియల్‌లాగే చదవండి. వారానికి 40 పేజీలు పెట్టుకోండి, ఆరు నెలల లోపే అయిపోతుంది. ఆ వారం ఎక్కడ ఆగాలో ముందే గ్రూపులో చెప్పేయండి, పేజీ నంబర్ కాదు, అధ్యాయం పేరు చెప్పండి, ఎందుకంటే కిండిల్‌లో చదివేవాళ్లకి పేజీలు కలవవు. ముందుకెళ్లినవాళ్లు వెళ్లొచ్చు, తప్పేం లేదు, కానీ గీత దాటిన కథ గురించి నోరెత్తకూడదు. రెండు వారాలు మిస్సయినవాళ్లకి ఒకరు ఫోన్ చేసి పది నిమిషాల్లో కథ చెప్పి లాక్కురండి, మిస్సయిన పేజీలన్నీ చదివితేనే రావాలి అనే రూల్ మాత్రం పెట్టొద్దు. చాలా గ్రూపులు చచ్చిపోయేది ఆ రూల్ వల్లే. పాత వారపత్రికల్లో ‘జరిగిన కథ’ అని నాలుగు లైన్లు వేసేవాళ్లు కదా, అది అందుకే ఉండేది.

ఇంకోటి. కలిసినప్పుడు "ఎలా ఉంది, బాగుందా" అని అడిగితే "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. తగువు పెట్టే ప్రశ్న వెయ్యాలి. మొదటి భాగంలోనే టకువాన్ అనే బౌద్ధ సన్యాసి ఆ కుర్రాణ్ని గుడి దగ్గరున్న పెద్ద దేవదారు చెట్టుకి కట్టి వేలాడదీస్తాడు చూడండి, అది దయా, క్రూరత్వమా? మా గ్రూపులో ఈ ఒక్క ప్రశ్న మీద రెండు గంటలు మాట్లాడుకున్నాం, అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు కూడా గొంతు పెంచారు.

ప్రశ్న: పేర్లు అస్సలు ఎక్కట్లేదు సార్. టకేజో అంటాడు, కాసేపటికి ముసాషి అంటాడు. చరిత్రలో కూడా ఒక్కో రాజుకి నాలుగు పేర్లు. పెన్ను కాగితం పెట్టుకుని చదవాలా? - కె.ఆర్.పురం నుంచి ఓ ఐటీ ఉద్యోగి

జవాబు: మీరు భారతం విన్నవాళ్లేగా? అర్జునుడు, ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి, సవ్యసాచి, విజయుడు అని వస్తుంటే మనకి ఎక్కడా అడ్డం పడదు, ఎందుకంటే మనిషి తెలుసు. ఇక్కడా మనిషి తెలిసేదాకానే కష్టం. జపాన్‌లో అప్పట్లో మనిషి జీవితం మారితే పేరు మారేది. ఆ కాలంలో జపాన్‌ని ఏలినవాళ్లనే చూడండి, టొకుగావా ఇయెయాసు చిన్నప్పుడు టకెచియో. హిదెయోషి అయితే మొదట్లో కినోషిటా టోకిచిరో, తర్వాత హషిబా, చివరికి టొయోటొమి. మన హీరోకి కూడా అంతే, టకేజోకి ముసాషి అని కొత్త పేరు ఇచ్చిన దగ్గర్నుంచి కొత్త జీవితం.

పైగా వాళ్లది ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అచ్చం మనలాగే. మియామోతో ఇంటిపేరు, ముసాషి పేరు. ఇది ఇంగ్లిష్ వాళ్లకి తిరకాసుగా ఉంటుందేమో గానీ తెలుగువాడికి ఎందుకు ఉండాలి? కాగితం మాత్రం పెట్టుకోండి, కానీ గ్రూపు మొత్తానికి ఒకటే, ఒకరే రాయాలి, పేరు పక్కన ఊరు, ఎవరి పక్షం, అంతే. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో రోజూ వెళ్లే మా ఫ్రెండ్ ఒకతను ఆ లిస్టు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని కబ్బన్ పార్క్ స్టేషన్ వచ్చేలోపు ఓ అధ్యాయం పూర్తిచేస్తాడు.

ప్రశ్న: మొదటి పేజీలోనే శవాల మధ్య పడి ఉంటాడు, ఏ యుద్ధమో ఎందుకో సరిగ్గా చెప్పడు. ముందు జపాన్ చరిత్ర చదివి రావాలా? - ఓ డిగ్రీ విద్యార్థి, యలహంక

జవాబు: అక్కర్లేదు, ఈ కాస్త చాలు. హిదెయోషి మామూలు పల్లెటూరి సిపాయి కొడుకు, ఎదిగి ఎదిగి జపాన్ మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకున్నాడు. 1598లో చనిపోయాడు, కొడుకు హిదెయోరి పసివాడు. పిల్లాడు పెద్దయ్యేదాకా చూసుకోమని అయిదుగురు పెద్ద ప్రభువులకి అప్పజెప్పి పోయాడు, అందులో ఒకడే ఇయెయాసు. ఇక ఏమవుతుందో మీకు తెలుసు. 1600 అక్టోబర్‌లో సెకిగహారా దగ్గర ఇయెయాసు పక్షం, ఇషిదా మిట్సునారి పక్షం తలపడ్డాయి, కొబయకావా హిదెయాకి అనే యువ ప్రభువు మధ్యలో పక్షం ఫిరాయించడంతో ఒక్క రోజులో తేలిపోయింది. గెలిచిన ఇయెయాసు 1603లో షోగన్, అంటే సైన్యాధిపతి హోదాలో దేశాన్ని ఏలేవాడు, అయ్యాడు. ఆ పిల్లాడు మాత్రం ఒసాకా కోటలోనే ఉన్నాడు, ఆ లెక్క 1615లో గానీ తేలలేదు, అందుకే నవల పొడుగునా జనం ఒసాకా పేరు ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇప్పుడు ఆ శవాల మధ్య పడున్న టకేజోని, వాడి ఫ్రెండ్ మటాహాచిని చూడండి. పదిహేడేళ్ల పల్లెటూరి పిల్లలు. హిదెయోషిలాగా మనమూ యుద్ధంలో పైకొస్తాం అనుకుని ఇల్లు వదిలి వచ్చారు. వాళ్లు వచ్చిన రోజే ఆ తలుపు మూసుకుపోయింది, ఓడిన ప్రభువుల భూములు పోయాయి, వాళ్ల సమురాయ్‌లు రోనిన్‌లై, అంటే ప్రభువు లేనివాళ్లై, రోడ్డున పడ్డారు. ఇక కత్తి దేనికి? నవల అంతా ఈ ఒక్క ప్రశ్నే అని నాకనిపిస్తుంది.

‘కోకు’ అనే మాట కూడా వస్తూ ఉంటుంది, అది ఒక మనిషి ఏడాదికి తినే బియ్యం లెక్క, సుమారు 150 కిలోలు. భూమి విలువ, జీతం అన్నీ దాంతోనే. 10,000 కోకుల పైన ఉంటేనే డైమ్యో, అంటే పెద్ద ప్రభువు.

ప్రశ్న: ఇందులో నిజమెంత? - జయనగర్ నుంచి

జవాబు: ముసాషి నిజం, 1645లో కుమామోతో దగ్గర చనిపోయాడు, చివరి రోజుల్లో కత్తి విద్య మీద అయిదు భాగాల పుస్తకం రాశాడు. ససాకి కోజిరోతో 1612లో చిన్న దీవిలో జరిగిన పోరు ప్రసిద్ధం. టకువాన్ కూడా నిజంగా బతికిన జెన్ సన్యాసే, కానీ ఇద్దరినీ గురుశిష్యుల్లా కలిపింది యోషికావా. ముసాషిని ప్రేమించే ఓట్సూ, ఫ్రెండ్ మటాహాచి కల్పన. కల్పన అని తెలిశాక కూడా ఓట్సూ మీద బెంగ తగ్గదు, మీరే చూస్తారు. ఆవిడా, ముసాషి ఒకే ఊరికి వచ్చి ఒకరినొకరు చూడకుండా వెళ్లిపోతుంటే విసుక్కునేవాళ్లున్నారు, మరీ సినిమాలా ఉందని. అది సీరియల్ అని గుర్తుపెట్టుకోండి, రేపటి పేపర్ కొనిపించాలి కదా.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మా కోడలు వాళ్లు అందరూ కూర్చుని ఏదో జపాన్ నవల చదువుతారు ఆదివారాలు. నాకు ఇంగ్లిష్ నెమ్మది, కళ్లు కూడా లాగుతాయి. వాళ్లలో కూర్చుంటే బాగుంటుందా? - ఓ అత్తగారు, మారతహళ్లి

జవాబు: అమ్మా, తప్పకుండా కూర్చోండి. ఆ గ్రూపులో సీరియల్ చదవడం వచ్చినవాళ్లు మీరొక్కరే అయ్యుంటారు, వారం వారం కథ గుర్తుపెట్టుకోవడం మీ తరానికి వచ్చినట్టు మాకు రాదు. కళ్లు లాగితే చదవక్కర్లేదు, ఎవరో ఒకరిని ఓ అధ్యాయం పైకి చదవమనండి, అక్కడక్కడా తెలుగులో చెప్పమనండి. చెవులతో వింటే ఈ నవల ఇంకా బాగుంటుంది, పోరాటాల దగ్గర మరీ.

మా గ్రూపులో మీ వయసావిడ ఒకరున్నారు. నవల్లో యాగ్యూ సెకిషుసాయ్ అనే ముసలి కత్తి వీరుడు ఒక పియోనీ పువ్వు కోసి పంపిస్తాడు. దాన్ని అందుకున్న యోద్ధ పట్టించుకోడు. అదే పువ్వు ముసాషి కంట పడితే అతను పువ్వు చూడడు, కాడ చివర కోత చూస్తాడు, ఆ కోత ఎంత శుభ్రంగా ఉందో చూసి ఇది మామూలు చెయ్యి కాదు అనుకుంటాడు. మేమందరం ఆ పేజీ గబగబా దాటేశాం. ఆవిడ ఆపింది. రోజూ పొద్దున్నే బాల్కనీలో మందారాలు కోసే మనిషి, మొద్దు కత్తెరతో కోస్తే కాడ నలిగి పీచు లేస్తుంది, పదునైన చాకుతో ఒక్కసారి ఏటవాలుగా కోస్తే గాజులా ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది అని చెప్పి, వెళ్లి రెండు కాడలు కోసి తెచ్చి మా ముందు పెట్టింది. మేం వంతులవారీగా చేతిలోకి తీసుకుని చూశాం. నవల్లో ఆ ఘట్టం నాకు అప్పుడు అర్థమైంది, ముసాషికి కత్తి ఎంత వచ్చో కాదు, ఎంత చూడగలడో రచయిత అక్కడ చెప్తున్నాడని.

మీ కోడలిని ఈ ఆదివారం ఎక్కడిదాకా వచ్చారో అడగండమ్మా, అక్కడి వరకు జరిగిన కథ ముందురోజు వంటింట్లోనే చెప్పించుకోండి, తర్వాత వెళ్లి కూర్చోండి.